చెరుకు లైన్లో పెట్రోలు బండి

సరుకు బండి కొనబోయే పిల్లలు ఈ మధ్య మా ఇంటికి వస్తున్నారు. "అవ్వా, డీజిల్‌ది తీసుకోవాల్నా, పెట్రోల్‌ది తీసుకోవాల్నా?" అని అడుగుతారు. నేను చదివింది మూడో తరగతి. అది కూడా వానాకాలం బడి మాత్రమే, ఎండాకాలం పసుపు ఏరడానికి పోయేదాన్ని. అయినా బోధన్‌లో పికప్ బండ్లు కిరాయికి తిప్పి ఇల్లు నడిపినదాన్నని ఎవరో చెబితే వస్తారు. వచ్చినవాళ్లకు మంచినీళ్లు ఇస్తాను. చాయ్ పెట్టను. చాయ్ పెడితే మాట పొడుగవుతుంది, గ్యాస్ కాలుతుంది.

నా జవాబు చిన్నది. రోజూ దూరం పోయి బరువు లాగే పనైతే డీజిల్. ఊళ్లో ఆ గల్లీకీ ఈ గల్లీకీ తిరిగే పనైతే పెట్రోలు. డీజిల్ బండి కొనేటప్పుడే ఎక్కువ గుంజుతుంది, సర్వీసుకు పోయినప్పుడల్లా మళ్లీ గుంజుతుంది, కానీ నిండు బరువుతో లీటరుకు ఎక్కువ దూరం పోతుంది. పెట్రోలు బండి కొన్నప్పుడు మెత్తగా ఉంటుంది, బంకు దగ్గర కరుస్తుంది. దూరం తక్కువైతే ఆ కాటు పెద్దగా తెలియదు. అంతే. ఇది విని లేచిపోయినవాళ్లు తెలివైనవాళ్లు. ఇంకా కూర్చున్నవాళ్లకు భాయ్ సంగతి చెబుతాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

భాయ్ నా డ్రైవర్. వయసులో నాకంటే పెద్ద, అయినా నన్ను అక్కా అనే పిలిచేవాడు. మొదట్లో చెరుకు లారీ నడిపేవాడు. మా ఆయన చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పని. ఫ్యాక్టరీ మూతబడ్డాక ఇద్దరూ ఒకే నెలలో ఇంట్లో కూర్చున్నారు. మా ఆయన చేతికి వచ్చిన నాలుగు రూపాయలతో పాత డీజిల్ పికప్ ఒకటి కొన్నాడు. ఆయనకు సైకిల్ తప్ప ఏదీ నడపరాదు. "నడిపేటోడు ఉన్నడు గదా" అని భాయ్‌ని పట్టుకొచ్చాడు. ఆ తర్వాత కొన్నేళ్లకు మా ఆయన పోయాడు. బండి మిగిలింది, భాయ్ మిగిలాడు. నేను కొంగు బిగించి, కిరాయి బండ్లు నిలబెట్టే అడ్డా మీద కూర్చున్నాను.

ఆడమనిషి అడ్డా మీద కూర్చుంటే కొత్తల్లో నవ్వారు. భాయ్ ఎవరితోనూ కొట్లాడలేదు. ఇంటి నుంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి బండి పక్కన వేసి, "మాలకిన్ కూసుంది, బేరం ఆమెతోని మాట్లాడుర్రి. నాతోని మాట్లాడితే ధర పెరుగుతది" అన్నాడు. దాంతో అందరూ నా దగ్గరికే వచ్చారు. సిమెంటు బస్తాలు, ఇనుప చువ్వలు, పెళ్లి మంచాలు, బీరువాలు, ఎరువులు, సీజన్‌లో పసుపు. బస్తాకు ఇంత, దూరానికి ఇంత అని నేను చెప్పేదాన్ని. భాయ్ నడిపేవాడు.

అతనికొక పట్టింపు ఉండేది. బండి తాళం ఎప్పుడూ నా చేతికి ఇవ్వడు. పొద్దున నేను బానెట్ మీద పెట్టాలి, తను తీసుకోవాలి. సాయంత్రం తను బానెట్ మీద పెట్టాలి, నేను తీసుకోవాలి. మొదటి రోజే నేను చెయ్యి చాపితే వెనక్కి తగ్గాడు.

"ఉప్పు చేతికిస్తరా అక్కా మీ ఇండ్లల్ల?"

"ఇయ్యం. తగువులైతయంటరు."

"తాళం గూడ గంతే. చేతికిస్తే డ్రైవరుకు బండికి రుణం తీరినట్టే. నాకు బండి నేర్పిన ఉస్తాద్ చెప్పిండు."

నాకు ఇలాంటివి కుదరవు. అయినా ఖర్చు లేని పట్టింపు కదా అని ఒప్పుకున్నాను. ఇన్నేళ్లలో ఒక్కనాడు తప్పలేదు. వానలో తడుస్తూ కూడా బానెట్ మీదే పెట్టేవాడు.

ఆ డీజిల్ బండి మాకు చాలా చేసింది. దాని శబ్దం వింటే ఇంజన్‌లో ఎవరో రాళ్లు విసురుతున్నట్టు ఉండేది. చివరికి పొగ ఎక్కువైంది, ఇంజన్ ఆయిల్ తాగడం మొదలుపెట్టింది. మెకానిక్ చేతులు తుడుచుకుంటూ, "దీనికి పెట్టే పైసలతోని ఇంకో బండికి బయానా ఇయ్యచ్చు" అన్నాడు. అప్పుడు వచ్చింది గొడవ, డీజిలా పెట్రోలా అని.

"ఇంజన్ అంటే డీజిల్‌దే అక్కా," అన్నాడు భాయ్. "పెట్రోల్ బండి అంటే అత్తరు రాసుకున్న పిల్లగాడు. సూడనీకి మంచిగుంటడు, బస్తా ఎత్తమంటే నడుం పట్టుకుంటడు."

"మనం ఎత్తే బస్తాలు బజార్ల నుంచి గల్లీల దాక. నిజామాబాద్ పోయేది వారానికి ఒక్కపారి. గా ఒక్కనాటికి డీజిల్‌ది ఎందుకు?"

"డీజిల్ అగ్గువ."

"అగ్గువ ఉండె. ఇప్పుడు రెంటికి మునుపటంత తేడా ఉన్నదా? ఫిల్టరు మార్పుడు, నాజిల్ కడుగుడు, గివన్ని ఎవరు పెట్టుకుంటరు? నీ ఉస్తాద్ పెట్టుకుంటడా?"

భాయ్ నవ్వి ఊరుకున్నాడు. ఓడిపోయినప్పుడు అతను నవ్వేవాడు. మెకానిక్ కూడా నా వైపే మాట్లాడాడు. కొత్త డీజిల్ బండ్లకు పొగగొట్టంలో మసిని పట్టి కాల్చే డబ్బా ఒకటి ఉంటుందట. బండి దూరం పోయి బాగా వేడెక్కితేనే ఆ మసి కాలుతుందట. గల్లీల్లో తిరిగితే అడ్డుపడి లైటు వెలుగుతుందట. దాన్ని కాల్చడానికి పని లేకున్నా బండిని హైవే మీదికి తోలుకుపోవాలట. పని లేకుండా బండి తిప్పడమనే మాట వినగానే నేను లేచి నిలబడ్డాను. పెట్రోలు బండి కొన్నాం.

పాత బండిని బాల్కొండ వైపు ఇటుకల బట్టీ అతను కొనుక్కుపోయాడు. అది కనుమరుగయ్యేదాకా భాయ్ రోడ్డు మీద నిలబడ్డాడు. తర్వాత కొత్త బండి చుట్టూ ఒకసారి తిరిగి, "మూగదాన్ని తెచ్చినవ్ అక్కా" అన్నాడు. దానికి అసలు చప్పుడే లేదు మరి.

మొదటి తప్పు బంకు దగ్గర జరిగింది. ఆ బంకులో అతన్ని డీజిల్ భాయ్ అనే పిలిచేవాళ్లు. అతను బండి ఆపగానే బంకు పిల్లవాడి చెయ్యి అలవాటుగా డీజిల్ గొట్టం అందుకుంది. ఆ గొట్టం మూతి లావు, పెట్రోలు ట్యాంకులోకి దిగదు. పైన పట్టుకుని పోశారు. భాయ్ అద్దంలో చూస్తూ కూర్చున్నాడు, ఏమీ అనలేదు. బండి బస్‌స్టాండ్ ముందుకొచ్చి తెల్లటి పొగ కక్కి ఆగింది.

అడ్డా మీద నెల రోజులు అదే హాస్యం. "భాయ్, పిల్లగానికి కల్లు తాపినవట గదా." ట్యాంకు దింపించాను. కలిసిపోయిన నూనె పారబోయనివ్వలేదు. సామాన్లు కడుక్కోవడానికి మెకానిక్‌కే ఇచ్చి అతని కూలీలో తగ్గించుకున్నాను. బంకువాళ్లను తిట్టాను. భాయ్‌ని ఏమీ అనలేదు. ఇన్నేళ్లు డీజిల్ పోయించిన మనిషి, అలవాటు అంత తొందరగా పోతుందా అనుకున్నాం.

తర్వాత ఇంకొకటి చూశాను. తాళం ఒక మెట్టు తిప్పి అలాగే కూర్చునేవాడు. పాత డీజిల్ బండ్లకు చలికాలం పొద్దున హీటర్ లైటు ఆరేదాకా ఆగి స్టార్టు చేయాలి. పెట్రోలు బండికి ఆ అవసరం లేదు.

"ఏంది భాయ్, ఆగినవ్?"

"లైటు ఆరనీ అక్కా."

"దీనికి గా లైటే లేదు గదా."

"అవ్ గదా," అని నవ్వి స్టార్టు చేసేవాడు. దీన్ని కూడా డీజిల్ అలవాటు కిందే వేశాం. ఎత్తు లేని చోట మొదటి గేరులో లాగితే డీజిల్ అలవాటు. కిరాయి దింపి, వచ్చిన దారి మరిచి చుట్టూ తిరిగి వస్తే, కొత్త బండి కదా, చెయ్యి కుదరలేదు అన్నాం. పెట్రోలు ఖర్చు లెక్కకంటే పెరిగితే, నేనే బంకు దగ్గరికి పోయి కొలతలో మోసం ఉందేమోనని సీసాలో పట్టి చూశాను. కొలత సరిగ్గానే ఉంది.

ఒకరోజు మధ్యాహ్నం భాయ్ భార్య మా ఇంటికి వచ్చింది. నేను ఆమెను భాభీ అంటాను. ఆమె ఎప్పుడూ ఉట్టి చేతులతో రాదు, ఆ రోజు వచ్చింది. గడపలోనే కూర్చుంది.

"అక్కా, ఆయన మొన్న అద్దుమరాతిరి లేసి చెరుకు లారీకి టైమైందన్నడు. నిన్న నన్ను వాళ్ల అమ్మీ అనుకున్నడు. డాక్టర్ దగ్గరికి తీస్కపోయినం. మరుపు బీమారి అన్నరు. గోలీలు ఇచ్చిన్రు. తగ్గేది కాదట."

నేను ఆమె ముందు మంచినీళ్లు పెట్టాను.

"బండి మీద ఉన్నప్పుడు మంచిగుంటడు. స్టీరింగ్ పట్టుకుంటే మనిషి మనిషిలెక్క ఉంటడు. ఇంట్ల కూసున్ననాడే గిట్లయితడు. ఆయనను బండి దింపకు అక్కా. దింపితే గా మిగిలింది గూడ పోతది."

నేను మెత్తటి మనిషిని కాను. "బండి నాది గనీ రోడ్డు నాది కాదు భాభీ," అన్నాను. "రోడ్డు మీద మంది పిల్లలుంటరు."

ఆమె తల ఊపింది. ఏడవలేదు. లేచిపోతూ, "నీకు తెల్వదా" అని మాత్రం అంది. ఆ మాటకు రెండు అర్థాలు వెతికాను. తర్వాత తెలిసింది, ఆమె నాకే వదిలేసిందని.

ఆ రాత్రి చాలాసేపు ఆలోచించి ఒక దారి పెట్టాను. భాయ్ ఊళ్లో కిరాయిలే చేయాలి. పొద్దు గూకక ముందే బండి నిలబెట్టాలి. పెద్ద రోడ్డెక్కితే పక్కన మనిషి ఉండాలి. కొన్నిసార్లు ఆ మనిషిని నేనే. కుర్చీ వదిలి క్యాబిన్‌లో కూర్చునేదాన్ని. అతనికి ఏమీ చెప్పలేదు. "మోకాళ్లు నొస్తున్నయ్, నీ పక్కన కూసుంటే గాలన్న తగుల్తది" అన్నాను. చెయ్యి మాత్రం గట్టిగానే ఉండేది. మనిషి అడ్డం వస్తే నా కంటే ముందు అతని కాలు బ్రేకు మీద ఉండేది. మరిచేది దారినే కానీ నడపడాన్ని కాదు. అలా కొన్ని నెలలు నడిచింది.

పసుపు సీజన్ వచ్చింది. ప్రతి ఏడూ మా బండిలోనే పసుపు పంపే రైతు ఒకతను ఉన్నాడు. నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పోవాలి. బస్తాలతో పాటు క్యాబిన్‌లో అతనూ కూర్చుని పోతాడు, అది వాళ్ల పాత అలవాటు. అందుకే భాయ్‌ని పంపాను. ఆ రైతు ఆ పొద్దున, యార్డులో జాగా పట్టుకుంటానని బస్తాలు ఎక్కించగానే మోటారు సైకిల్ మీద ముందు పోయాడు. "భాయ్‌కి తొవ్వ కండ్లు మూసుకున్నా తెలుసు" అనుకున్నాడట. అతని తప్పేమీ లేదు. ఎవరైనా అలాగే అనుకుంటారు.

పొద్దు బాగా ఎక్కాక ఆ రైతు ఫోను. "అవ్వా, బండేది? వేలం మొదలైతది." నేను భాయ్‌కి ఫోన్ చేస్తే మోగుతోంది, తీయడం లేదు. ఎడపల్లి దగ్గర చాయ్ హోటల్ అతనికి చేస్తే ఆ రోడ్డున మన బండి పోలేదన్నాడు. రోడ్డు మీద పడిన బండి, పగిలిన అద్దం, ఎవరి పిల్లో, ఇవే కళ్ల ముందు తిరిగాయి. అప్పుడు తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది.

"బండి ఎనక నంబరు సూసి చేస్తున్న అవ్వా. ఫ్యాక్టరీ గేటు కాడ వాచ్‌మన్‌ని. మీ బండి పొద్దుగాల్ల సంది ఈన్నే ఉన్నది. పెద్దమనిషి ఇంజన్ బందు చేస్తలేడు. ఇప్పుడు దానంతట అదే బందు పడ్డది. నన్ను చెరుకు లైను టోకెన్ అడుగుతుండు."

ఆటో మాట్లాడుకుని పోయాను. బేరం ఆడలేదు, అది ఇప్పుడు రాస్తుంటే గుర్తొస్తోంది.

చెరుకు లైను గురించి భాయ్ నాకు ఎన్నోసార్లు చెప్పాడు. ఫ్యాక్టరీలో చెరుకు ఆడే క్రషింగ్ నడిచే రోజుల్లో లారీలు గేటు నుంచి రోడ్డు పొడుగునా నిలబడేవి. పాత లారీలకు బ్యాటరీలు సరిగ్గా ఉండవు. బందు చేస్తే మళ్లీ పదిమంది తోయాలి. అందుకని లైన్లో ఎవరూ ఇంజన్ ఆపేవారు కాదు. డీజిల్ ఇంజన్ నిలబడి ఉన్నప్పుడు చాలా తక్కువ తాగుతుంది, తెల్లవార్లూ గురక పెడుతూ ఉంటుంది. పెట్రోలు బండి అలా కాదు, నిలబడినా తాగుతుంది. నేను ట్యాంకు నిండా ఎప్పుడూ పోయించను, పోయి రావడానికి ఎంత పడుతుందో అంతే. ఆ కొంచెమూ ఆ గేటు ముందే అయిపోయింది.

తుప్పు పట్టిన గేటు. లోపల సర్కారు తుమ్మ మనిషి ఎత్తు పెరిగి ఉంది. ముందు బండి లేదు, వెనుక బండి లేదు. మా పికప్ ఒక్కటే, ముందున్నవాటికి చోటు వదిలినట్టు గేటుకు బాగా దూరంగా, రోడ్డు పక్కకు సర్ది నిలబెట్టి ఉంది. భాయ్ నీడకు కూడా పోకుండా తలుపు పట్టుకుని నిలబడ్డాడు. భుజాల మీద చొక్కా పసుపు పట్టి ఉంది.

"ఇంత ఎండల నువ్వెందుకచ్చినవ్ అక్కా? లైను కదుల్తలేదు. ఇంజన్ గూడ బందు పడ్డది."

ఆటోలో నేను తిట్లు సిద్ధం చేసుకునే వచ్చాను. భయం వేస్తే నాకు తిట్లే వస్తాయి. అతని ముఖం చూశాక ఒక్కటీ నోటికి రాలేదు.

"ఏం లోడు భాయ్?" అన్నాను.

"చెరుకే. ఇంకేముంటది ఈడ?"

క్యాబిన్ ఎక్కి పక్క సీట్లో కూర్చున్నాను. అతనూ ఎక్కి స్టీరింగ్ మీద చేతులు పెట్టుకున్నాడు. రైతు ఫోను మోగుతుంటే నొక్కేశాను. ఇద్దరం ఆ లైన్లో కాసేపు కూర్చున్నాం. గాలి వస్తే పసుపు వాసన వస్తోంది. వాచ్‌మన్ దూరంగా తన స్టూలు మీద కూర్చుని మా వైపు చూడనట్టు నటిస్తున్నాడు, మంచివాడు.

"ఆయన లోపట డ్యూటీల ఉన్నడు గదా అక్కా," అన్నాడు భాయ్. మా ఆయన గురించి. "ఒక్క మాట చెప్పి పంపితే జల్ది ఇడిసి పెడ్తడు. గనీ అడగబుద్ధి కాదు. అందరు నిలబడ్డరు, మనం గూడ నిలబడాలె."

మా ఆయన పోయి ఎన్నేళ్లయిందో నేను చెప్పగలను. ఆ రోజు చెప్పలేదు. తప్పు లెక్క చెబితే దుకాణంలోనే ఆపి సరిచేసేదాన్ని, ఆ ఒక్క లెక్క అలా వదిలేశాను.

"ఇయ్యాల క్రషింగ్ బందట భాయ్," అన్నాను. "రేపు రమ్మన్నరు."

"ఎవలు చెప్పిన్రు?"

"ఆయననే చెప్పి పంపిండు."

భాయ్ గేటు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. "గట్లనా. ఆయన చెప్పినంక ఇంకేమున్నది" అన్నాడు. దిగాడు. తాళం తీశాడు, రుమాలుతో తుడిచాడు. బండి ముందుకు వచ్చాడు. నేనూ దిగి అలవాటు ప్రకారం బానెట్ పక్కన నిలబడ్డాను, పెడతాడని.

పెట్టలేదు. నా అరచేతిలో పెట్టాడు.

మా తమ్ముని కొడుకు సీసాలో పెట్రోలు తెచ్చి పోసి, పసుపు నిజామాబాద్ తోలుకుపోయాడు. ఆ నాటి వేలం అయిపోయింది. రైతు రెండు మాటలన్నాడు, అనాల్సినవే. మరుసటి ఏడు అతను వేరే బండి పెట్టుకున్నాడు. నేనైనా అదే చేసేదాన్ని.

మర్నాడు పొద్దున నాకు గుబులు. భాయ్ అడ్డాకు వస్తాడు, తాళం కోసం బానెట్ వైపు చూస్తాడు, అప్పుడేం చెప్పాలి? మరిచిపోయే మనిషి, నిన్నటిది ఏం గుర్తుంటుంది? రేపు రమ్మన్నారని కూడా నేనే చెప్పాను. కానీ అతను రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. భాభీ చెప్పింది, పొద్దున్నే లేచి చొక్కా వేసుకుని గడప మీద కూర్చుంటాడట. పోతావా అని అడిగితే, "బండి అక్కకిచ్చిన" అంటాడట. భార్య పేరు మరిచాడు, బజారు మరిచాడు, రోజుకొకటి మరుస్తూ పోయాడు. ఈ ఒక్క మాట మాత్రం చివరిదాకా అలాగే చెప్పాడు. ఆ తర్వాత రెండో వానాకాలంలో పోయాడు.

లెక్కకు వస్తే, ఆ పెట్రోలు బండి కొనడం సరైన పనే. ఊరి కిరాయిల మీద అది పాత డీజిల్ బండికంటే తక్కువ ఖర్చుతో నడిచింది, మెకానిక్ షెడ్డు ముఖం చూసింది తక్కువ. "సూసినవా భాయ్, నేను చెప్పలే?" అనాలని చాలాసార్లు ఉండేది. అంటే నవ్వడానికి మనిషి కావాలి కదా.

ఇప్పుడు బండి మా తమ్ముని కొడుకు నడుపుతున్నాడు. నేను అడ్డాకు పోవడం మానేశాను. సాయంత్రం బండి మా ఇంటి ముందే పెడతాడు. మొదట్లో తాళం నా చేతికివ్వబోయాడు.

"గా బానెట్ మీద పెట్టు," అన్నాను.

"ఏంది అత్తా, నీ చెయ్యి ఈన్నే ఉన్నది గదా."

"పెట్టమన్న గదా."

గొణుగుతూ పెట్టాడు. అతను లోపలికి పోయేదాకా ఆగి తీసుకున్నాను. పెట్రోలు బండి బానెట్ కూడా వేడిగానే ఉంటుంది. తాళం ఇంకా వెచ్చగా ఉంది.